కళ్లకు తువ్వాలు కట్టి నేర్పిన దారి

మా పక్కింటి పెద్దాయన మొన్న మంగళవారం పోయారు. వంద నిండడానికి రెండు నెలలే తక్కువ. మేముండే పియారా వాటర్స్ పేటలో మా వీధి మొత్తానికీ ఆయనే పెద్ద. ఆయన కూతురు వచ్చి చెప్పగానే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. వచ్చే సోమవారం మా అమ్మాయి నేవీ ట్రైనింగ్‌కి వెళ్తోంది. ఆ భయం చెప్పుకోవడానికి నాకున్నది ఆయనొక్కరే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన పనిచేసింది చిన్న కాపలా ఓడ మీద. సరుకు ఓడలకు తోడుగా న్యూగినీ దాకా వెళ్లి, ఇంకో ఓడల గుంపును వెంటబెట్టుకుని వచ్చేదట. యుద్ధం అయ్యాక సముద్రంలో మందుపాతరలు ఏరి, చివరికి తుక్కు కింద పోయింది. ఓడ చరిత్ర ఇలా రెండు ముక్కల్లో తేల్చేసేవారు. భయం గురించి మాత్రం తీరిగ్గా చెప్పేవారు. ఓడలో బూట్లు విప్పకుండా పడుకున్న మనిషి, ఇంట్లో ఏ గది తలుపూ పూర్తిగా మూయనిచ్చేవారు కాదు. తలుపు కింద చెక్కముక్క ఉండాల్సిందే.

అమ్మాయి నేవీ అనగానే ఆయన్ని ఇంటికి పిలుచుకొచ్చాను. "మీరు చెబితే వింటుంది అంకుల్. కాస్త భయపెట్టండి" అని బతిమాలాను.

భయపెట్టారు. తన కళ్లెదుటే మునిగిన సరుకు ఓడ సంగతి చెప్పారు. దాంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయట. చీకట్లో దారి తెలిసినవాళ్లు బయటపడ్డారు. తెలియనివాళ్లు తలుపులు తడుముకుంటూ లోపలే ఉండిపోయారు.

"ఇప్పుడైనా మానేస్తావా?" అన్నాను అమ్మాయితో.

"నో మమ్మీ. ఐ వాంట్ టు లెర్న్ ద వే."

ఆయన లేచి, నా భుజం మీది తువ్వాలు తీసి దాని కళ్లకు కట్టారు. పడకగది నుంచి వీధి తలుపు దాకా నడవమన్నారు. భయపెట్టమంటే పాఠం మొదలుపెట్టిన మహానుభావుడు! నేను ముందు పరిగెత్తి కుర్చీ జరపబోతే కసిరారు.

"జరపకు. సముద్రం ఏదీ జరపదు."

"మీకు భయం లేదా అంకుల్?" అన్నాను.

"ఇప్పటికీ ఉంది. అందుకే ఇంతకాలం ఉన్నాను."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చి నడిపించేవారు. మీరు నవ్వినా సరే, నేను ఒక్కసారీ కళ్లు తెరుచుకుని చూడలేకపోయాను.

నిన్న అంత్యక్రియల నుంచి వచ్చాక అమ్మాయి తువ్వాలు తనే కట్టుకుంది. సర్దిన సూట్‌కేసు దారికి అడ్డంగా ఉంది. నా చెయ్యి దాని పిడి మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను. అమ్మాయి మోకాలు పెట్టెకు కొట్టుకుంది. ఆగింది, తడిమింది, పక్కనుంచి తిరిగి తలుపు తీసుకుని ఎండలోకి వెళ్లింది.

ఆయన కూతురు ఇచ్చిన చెక్కముక్క ఆ తలుపు కింద పెట్టాను.