చదివినవాళ్ల పేర్లు

సారు పోయారని సోమవారం పొద్దున హిందూపురం నుంచి ఫోను వచ్చింది. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

పాలిటెక్నిక్‌లో నాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి ఆయన. రిటైరయ్యాక ఇంకో పనికి కూర్చున్నారు. ఎవరెవరో రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన కోడును మేమంతా తెచ్చి మా ప్రోగ్రాముల్లో కలుపుకుంటాం. రాసినవాళ్లెవరో మాకు తెలియదు. అందుకని దాన్ని లైను లైనూ చదివి, చదివినట్టు పేరు పెట్టే గుంపు ఒకటుంది. ఇద్దరి పేర్లుంటేనే ఆ కోడును నమ్ముతారు. చాలావాటికి ఆ ఇద్దరూ సారూ, నేనూ.

ధర్మవరంలో కూర్చుని నేను రాసే ప్రోగ్రాము చిన్న ఆసుపత్రుల్లో పసిపిల్లలకు మందు మోతాదు లెక్కగడుతుంది. హిందూపురంలో ఆయనింటికి వెళ్లినప్పుడు చూసేదాన్ని, సారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, పెదాలు కదుపుతూ చదివేవారు. పక్కన టీ చల్లారిపోయేది. "అర్థం కాలేదని రాసేకి సిగ్గెందుకమ్మా? అర్థమైందని అబద్ధం రాస్తే కదా సిగ్గు!" అనేవారు.

అంతటి మనిషీ నేనూ కలిసి ఒకసారి తప్పు చేశాం. నా ప్రోగ్రాములో కలిపే కోడు ఒకదానికి, సారు ఎలాగూ చదువుతారులే అని నేను చదవకుండానే పేరు పెట్టేశాను. నా పేరు చూసి, ఒంట్లో బాగోలేక, ఆయనా పెట్టేశారు. రెండు రోజుల తర్వాత గుంపులో ఎవరో గమనించారు: దశాంశ చుక్క జారిపోయి మోతాదు పదింతలు చూపిస్తోంది. అప్పటికే అది పెనుకొండ ఆసుపత్రిలో నడుస్తోంది. ఆయన అటు నుంచి, నేను ఇటు నుంచి బస్సెక్కి పరిగెత్తాం.

"ఎక్కువ అనిపించి చేత్తో లెక్కేసినా సార్. బిడ్డకేం కాలేదు," అంది నర్సమ్మ.

సారు బెంచీ మీద కూలబడ్డారు. "నిన్ను చూసి నేను పెట్టినా, నన్ను చూసి నువ్వు పెట్టినావు. మనిద్దరి నడుమ ఆ బిడ్డ ఉండాది పాపా," అన్నారు.

అప్పటినుంచి పేరు పెట్టేముందు ఫోను చేసేవారు. "ఏ లైను కాడ ఆగినావు? ఎందుకు ఆగినావు? చెప్పు." జవాబు లేకపోతే నేను చదవనట్టే. ఆ ఫోనంటే విసుక్కునేదాన్ని. ఆయన రుణం ఇప్పుడు తెలుస్తోంది.

నిన్న ఆ కోడుకే కొత్త మార్పు వచ్చింది. గుంపులో కొత్తగా చేరినాయన నాకు రాశాడు: "మీరు సారు శిష్యులు కదా మేడం. మీరు పేరు పెడితే చాలు, నేనూ పెట్టేస్తా."

చదువుతున్నాను. నలభయ్యో లైను దగ్గరున్నాను. తెర మీద పేర్ల కోసం రెండు గడులు ఖాళీగా ఉన్నాయి.