దూది కుప్ప మీదికి రానివ్వని చాచీ

నా చిన్నప్పుడు నన్ను అందరి ముందు పొమ్మన్న మనిషి ఒక్కతే, గోదావరిఖనిలో మా పక్కింటి చాచీ. తెలంగాణ రాష్ట్రం రావడానికి ఇంకా చాలా ఏళ్లున్నాయి. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఆమె దూది ఏకే మిషన్ నడిపేది. గని కార్మికుల ఇళ్ల నుంచి వచ్చిన పాత పరుపులు చింపి, గడ్డకట్టిన దూదిని అందులో వేస్తే అవతల తెల్లటి కుప్ప పడేది. మిషన్ ఆగాక పిల్లలంతా ఆ కుప్పలో దొర్లేవాళ్లు. నన్ను మాత్రం గడప దాటనిచ్చేది కాదు.

ఆ అవమానానికి నేను ఆమె పంపిన రంజాన్ సేమ్యా కూడా ముట్టలేదు. అమ్మ నవ్వింది. ఆ నవ్వూ నాకు గుర్తుంది.

చాచీకి శుక్రవారం సెలవు. శనివారం మిషన్ ముందు కూర్చోగానే రొమ్ము బిగుసుకుపోయి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. మర్నాటికి కొంత నయం. చాచీకి సెలవు పడదని వాడకట్టంతా నవ్వేది. అలాంటి ఒక శనివారం, గడప బయట మూతి ముడుచుకుని కూర్చున్న నన్ను పిలిచి, తన వీపుకు చెవి ఆనించమంది. లోపల సన్నగా పిల్లికూతలు.

"దూది మెత్తగుంటదని అందరంటరు బేటీ. కండ్లకు కనవడని నూగు లోపలికి పోయి ఊపిరి గొట్టాలు మూసుకపోతయ్. చలికాలం నీ రొమ్ముల గూడ గీ కూతలే. గోడ అవతలికెల్లి నాకినవడ్తయ్."

నేను కరగలేదు. "మరి వాళ్లనెందుకు రానిస్తున్నవ్?" అన్నాను.

మర్నాడు షెడ్డు గుమ్మానికి గోనె పరదా వేలాడింది. ఇక ఎవరికీ ప్రవేశం లేదు. ఆట చెడగొట్టానని పిల్లలు చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

గాలి కూడా ఆడని ఆ పరదా వెనక ఆమె దగ్గు ఏటికేడు పెరిగింది. దూదితో రోగమేంటని దవాఖానలో ఎవరో నవ్వారట. తెలంగాణ వచ్చిన సంబురాల నాటికి షెడ్డు తాళం వేసి ఉంది, చాచీ లేదు.

ఇప్పటికీ పరుపు దులిపేటప్పుడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటాను, పిల్లలను దూరం పంపిస్తాను. ఎక్కడైనా దూది ఏకే చప్పుడు వినిపిస్తే మాత్రం కాళ్లు ఆగిపోతాయి. ఆ గోనె పరదా ఎత్తి, నువ్వు కూడా బయటికి రా చాచీ అని పిలవాలనిపిస్తుంది.