తాబేలుకు మంచురాయి

తాళాలు బాగుచేసే మేస్త్రి ఎవరినీ ఓ పట్టాన నమ్మడు. వింత జంతువులను పట్టి పెంచే ఫోన్ ఆటలో, ఎన్నాళ్లుగానో సాకుతున్న తాబేలుకు ఆ రోజు అరుదైన మంచురాయి సంపాదించాడు. అయితే మెడలో రాయి కట్టి వేరే ఆటగాడికి పంపితేనే అది మహాతాబేలవుతుంది. తర్వాత ఆ ఆటగాడు తిరిగి పంపాలి. తెలిసినవాళ్లలో ఆ ఆట ఆడేది బావమరిది ఒక్కడే. అతన్ని ఇంటికి పిలిపించాడు.

"పంపు బావా, మారగానే ఇచ్చేస్తా."

"ఇవ్వకపోతే?"

"మా తమ్ముడు దాన్నేం చేసుకుంటాడండీ, కూర వండుకుంటాడా?" అంది భార్య పక్క గదిలోంచి.

మేస్త్రి లేచి తలుపుకు లోపలినుంచి తాళం వేశాడు. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని తాబేలును పంపాడు. బావమరిది ఫోన్‌లో అది వెలిగి, వీపు మీద మంచుకొండతో లేచింది.

"అబ్బ! ఉంచేసుకోవాలనిపిస్తోంది బావా" అని నవ్వి, మేస్త్రి ముఖం చూసి వెంటనే తిరిగి పంపేశాడు.

మేస్త్రి తాబేలును ముందూ వెనకా తిప్పి చూశాడు.

"రాయేదిరా?"

"మారేటప్పుడు కరిగిపోతుంది బావా. ఆటలో అంతే."

తెర మీద మహాతాబేలు మొదటిసారి గర్జించింది. మేస్త్రి దాన్ని చూడలేదు. అతని చూపు బావమరిది చొక్కా జేబు మీదే ఉంది.