మొగ దగ్గరికెళ్ళి చూసి వచ్చాను

ఈ ఉదయం కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే నా గొంతు నాకే వినిపించింది. కళ్ళ మీద సబ్బు, నోట్లో నీళ్ళు. నేను పెదవి విప్పలేదు. అయినా ఏటిగట్టు పొడవునా ఉన్న లౌడు స్పీకర్లన్నిటిలోంచీ నేనే మాట్లాడుతున్నాను. "ఇప్పుడే మొగ దగ్గరికెళ్ళి చూసి వచ్చాను. చెబుతున్నాను, వినండి." ఆ వెనకే ఆగ్నేయపు గాలి ఇంత వేగమనీ, అలల ఎత్తు ఇంత అనీ, అక్కడక్కడ తేలికపాటి జల్లులు పడతాయనీ. నేను నిద్ర లేచి పది నిమిషాలు కాలేదు. మొగ దగ్గరికి కాదు కదా, వీధి గుమ్మం కూడా దాటలేదు. ఒళ్ళు మండిపోయింది.

సంగతేమిటంటే, మా ఊళ్ళో చేపల వేటకెళ్ళేవాళ్ళకి సముద్రం కబుర్లు చెప్పే సమాచార కేంద్రం ఒకటుంది. పదేళ్ళుగా దాని మైకు నా చేతిలోనే ఉంది. పోయిన ఏడాది పైనుంచి ఒక సారు ల్యాప్‌టాప్‌తో వచ్చి, శాంపిల్ కోసమండీ అని నా చేత దిక్కుల పేర్లు, అంకెలు, జల్లులు, ఈదురుగాలులు అన్నీ చదివించుకున్నాడు. రోజూ మొదట ఏం చెబుతారో అది కూడా చెప్పండి మేడం అంటే, పిచ్చిదానిలా అదీ చెప్పాను. నిన్న సాయంత్రం ఒక పెట్టె తెచ్చి బిగించారు. ఇక మీరు తెల్లారేసరికి పరుగెత్తుకు రానక్కర్లేదు, హాయిగా పడుకోండి అన్నారు. ఆ పెట్టె నా నోటితో అబద్ధం చెబుతుందని మాత్రం ఎవరూ అనలేదు. అసలు ఆ మొదటి మాట నాది కూడా కాదు. అది టీచరమ్మ గారిది.

ఆవిడ పేరు కరుణమ్మ. పిఠాపురంలో బడి పంతులమ్మగా రిటైరై, ఈ కేంద్రం పెట్టిన కొత్తలో ఇక్కడ చేరారు. పొట్టి మనిషి, మగవాళ్ళ రబ్బరు చెప్పులు, చేతిలో ఎండావానా లేకుండా ఒక గొడుగు. నోరు మహా చెడ్డది. తన కింద పనిచేసే నన్ను "మొద్దూ" అని తప్ప పిలిచిన రోజులు తక్కువ. తెల్లవారగానే పైనుంచి వాతావరణం కాగితం వచ్చేది. ఆవిడ దాన్ని మడిచి బొడ్లో దోపుకుని, ముందు సరుగుడు తోటలోంచి ఇరవై నిమిషాలు నడిచి మొగ దగ్గరికి వెళ్ళేవారు. మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఒడ్డంతా కోసుకుపోయాక మా బోట్లన్నీ ఊరి పక్క ఏట్లోనే కడుతున్నారు. అక్కణ్ణుంచి సముద్రం కనపడదు. ఆటు లాగే వేళ బోటు వదిలితే, మొగలోకి వచ్చాక కెరటాలు చూసి వెనక్కి తిరుగుదామన్నా తిరగదు. అందుకే వాళ్ళు బోటు విప్పే ముందు ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి. చేరిన మొదటి రోజే నేను తెలివి ఒలకబోశాను, కాగితంలో అన్నీ ఉన్నాయి కదండీ, మళ్ళీ వెళ్ళడం దేనికి అని.

"కాగితం రాసింది సముద్రం గురించి. మనవాళ్ళు దాటేది మొగ. రెండూ ఒకటేనా, మొద్దూ?"

వెళ్ళాక ఊరికే చూసి వచ్చేయడం కాదు. మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి పావుగంట నిలబడాలి. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, గుంపుకీ గుంపుకీ మధ్య నీళ్ళు బుద్ధిమంతుల్లా ఉంటాయి, ఆ కాసేపు చూసి మోసపోకూడదు అనేవారు. తిరిగొచ్చాక కాగితాన్ని ఊరి మాటల్లోకి మార్చేవారు. గంటకి నలభై కిలోమీటర్లు అని ఉంటే "తలగుడ్డ నిలవదు" అని, రెండు మీటర్ల అల అంటే "సత్తిబాబు నిలబడితే మునిగిపోతాడు" అని చెప్పేవారు. సత్తిబాబు మా మేనమామ, ఊళ్ళోకల్లా పొడుగరి. ఆ మాట విన్నప్పుడల్లా గట్టు మీద నవ్వులు. అంత హడావిడిలోనూ ఆవిడ మొదలుపెట్టేది ఒకటే వాక్యంతో. చూసి వచ్చాను, చెబుతున్నాను, వినండి.

ఆదివారాలు ఆవిడ పిఠాపురంలో చర్చికి వెళ్ళేవారు, మైకు నాది. ఒక ఆదివారం నేను తలంటుకున్నాను. కాగితంలో గాలి లేదు, వాన లేదు, సముద్రం ప్రశాంతం. కిటికీలోంచి చూస్తే కొబ్బరాకు కదలడం లేదు. తడి జుట్టుకి ఉప్పుగాలి తగలడం దేనికిలే అనుకున్నాను. అంతే కారణం. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. మైకు పట్టుకుని, ఇప్పుడే మొగ దగ్గరికెళ్ళి చూసి వచ్చాను అని, ఆవిడ అన్నట్టే అన్నాను. దక్షిణాన ఎక్కడో దూర సముద్రంలో తుఫానుకి రేగిన అలలు మా మొగకి ఆ పొద్దునే చేరాయని నాకేం తెలుసు? ఇక్కడ ఆకు కదలకుండానే కెరటాలు ఇంటెత్తున లేస్తాయట. మొదట వెళ్ళిన బోటు సత్తిబాబు మావయ్యదే. బోల్తాపడి ఇంజను నడుం మీద పడింది. ప్రాణం దక్కింది కానీ మళ్ళీ వేటకి పోలేదు. ఆసుపత్రి మంచం మీద నన్ను చూసి తిట్టలేదు.

"నువ్వు చూసొచ్చానన్నావని విప్పానే," అన్నాడు.

టీచరమ్మ గారు సంగతి తెలిసి బస్సు దిగుతూనే నా చెంప పగలగొట్టారు. మర్నాడు పొద్దున్న రెక్క పట్టుకుని మొగ దగ్గరికి లాక్కెళ్ళి, పావుగంట నీళ్ళలో నిలబెట్టి, తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టారు. నిన్న నేను మొగ దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళానని అబద్ధం చెప్పాను అని ఊరందరికీ చెప్పమన్నారు. కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు. చెప్పాను. మా అమ్మ నాలుగు రోజులు నీళ్ళ బిందెతో వీధిలోకి రాలేదు. ఆవిణ్ణి నేనెంత తిట్టుకున్నానో ఆ దేవుడికి తెలుసు. వారం తిరక్కుండా పైనుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. కెరటం వచ్చింది, బోటు పడింది, ప్రకృతి అని రాసి ఊరుకునేవాళ్ళం కదా, మైకులో ఒప్పుకుని మా పరువు తీయడం ఏంటండీ అని ఆవిడ మీద ఎగిరాడు. తప్పు చేసిన నన్ను ఉంచారు. నిజం చెప్పించిన ఆవిణ్ణి తీసేశారు. అంతా కెరటం వల్లేనని వాళ్ళు రాసిన కాగితం మీద నేను నోరు మూసుకుని సంతకం పెట్టాను. ఆ ఆఫీసరు మీద కోపం, నా మీద కోపం, ఒక్క మాట అనకుండా గొడుగు తీసుకుని బస్సెక్కేసిన ఆవిడ మీద కూడా కోపం. మొద్దూ అని ఒక్కసారి తిట్టి వెళ్ళి ఉంటే ఈ రోజుకి కొంచెం తగ్గేదేమో.

మూడేళ్ళ తర్వాత ఒంట్లో బాగోలేదని తెలిసి, బత్తాయిలు పట్టుకుని పిఠాపురం వెళ్ళాను. క్షమాపణ చెబుదామని బస్సులో దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆవిడ మంచం మీంచి లేవలేదు. కూర్చోమనలేదు.

"ఇవాళ వెళ్ళావా?" అన్నారు.

వెళ్ళానండీ అన్నాను. సరే అని గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇంత దూరం వస్తే ఇదా పలకరింపు అని చిర్రెత్తుకొచ్చింది. ఆ నెలలోనే పోయారు. కూర్చుకున్న మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

అందుకే ఇవాళ సబ్బు ముఖంతోనే కేంద్రానికి పరుగెత్తాను. పెట్టె లోపల తాపీగా వెలుగుతోంది, నా గొంతుతో రెండోసారి మొదలుపెట్టబోతోంది. వైరు పట్టుకుని లాగేశాను. మైకు తీసి, ఇందాక మీరు విన్న గొంతు నాదే, కానీ నేను మొగ దగ్గరికి వెళ్ళలేదు, అది అబద్ధం అన్నాను. ఎవరూ బోటు విప్పొద్దు, వెళ్ళి చూసి వచ్చి చెబుతాను అన్నాను. ఇదే మాట రెండోసారి ఒప్పుకోవాల్సి వచ్చినందుకు నోరంతా చేదైంది. ఈసారి తప్పు నాది కాకపోయినా గొంతు నాదే కదా.

నీళ్ళలో నిలబడి ఉండగా ఫోను మోగింది. పెట్టె ఆగిపోయినట్టు పై ఆఫీసులో తెలిసిపోయిందట, నా గొంతు రికార్డు చేసుకున్న ఆ సారే చేశాడు. ఏమైంది మేడం, సముద్రం ఎలా ఉంది అన్నాడు. అప్పటికి పావుగంట దాటింది. చిన్న కెరటాలు, మెత్తటి గాలి, దూరంగా ఒక జల్లు. పెట్టె చెప్పింది చెప్పినట్టే ఉంది.

"మరి మిషన్ చెప్పింది కరెక్టే కదమ్మా, ఎందుకు ఆపారు?"

"కరెక్టే సార్. కానీ అది ఇక్కడికి రాలేదు."

ఇంకేదో అంటుంటే పెట్టేశాను. ఫోను సంచిలో పడేసి ఒడ్డెక్కాను.

తిరిగొచ్చేసరికి ఏట్లో బోట్లన్నీ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. గట్టు మీద మావయ్య, నడుముకి పట్టీ కట్టుకుని, రోజూలాగే వల బాగుచేస్తూ కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఆ మాట అన్న తర్వాత ఇన్నేళ్ళలో ఆయన నన్ను సముద్రం గురించి ఒక్కటీ అడగలేదు. నా తడిసిన చీర కుచ్చిళ్ళ వైపు చూశాడు.

"వెళ్ళావా?"

"వెళ్ళాను మావయ్యా. మొగ నెమ్మదిగానే ఉంది."

ఆయన వల పక్కన పెట్టి, బోట్లవైపు చెయ్యి ఎత్తాడు. ఒకదాని వెనక ఒకటి ఇంజన్లు మొదలయ్యాయి. పెట్టె వైరు నా సంచిలోనే ఉంది. రేపు ఇంకో వైరు తెచ్చి బిగిస్తారేమో తెలియదు. వాళ్ళు వచ్చేలోపు నేను మొగ దగ్గర ఉంటాను.