ఆఖరి పేజీ లేని కథలు

తాండూరు రజియా టీచర్ ఇక లేరన్న దుర్వార్త నాకు వికారాబాద్ మార్కెట్లో మామిడిపళ్లు ఏరుకుంటుండగా ఫోనులో వచ్చింది. చెప్పింది ఆవిడ చెల్లెలు ఫాతిమా. మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్లిపోయారట. నా నోట మొదట వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మరి కథ?" అన్నాను.

ముప్పై ఏళ్లు మాలాంటివాళ్లకు తెలుగు నేర్పిన మహోపాధ్యాయిని ఆవిడ. ఇంట్లో ఉర్దూ, బడిలో అచ్చమైన గ్రాంథికం, కూరగాయల దగ్గర బేరానికి కన్నడం. కానీ ప్రాణమంతా అద్భుత కథల మీదే: దయ్యాలు, రేపటి లోకాలు, కాలంలో దారి తప్పినవాళ్లు. పెద్దమనిషివి, ఇవేం కథలని ఎవరైనా అంటే, "జరిగింది పేపర్ల చదువుతరు. జరగనిది గూడ ఎవరన్న చదవాలె గద!" అనేవారు.

ఏటా రోహిణి కార్తెలో, ఎండాకాలం చేజారిపోయే ఆ పదిహేను రోజులూ, పొద్దు వాలాక ఆవిడ వరండాలో నాపరాళ్ల మీద నీళ్లు చల్లి ఐదారుగురు పాత శిష్యులం చేరేవాళ్లం. మసీదు నుంచి సాయంత్రపు నమాజు పిలుపు వినబడేదాకా పాత పత్రికలోంచి కథ చదివేవారు. ఆఖరి పేజీ ముందు టక్కున మూసేసేవారు. ముగింపు తొలివాన పడిన రోజునే. కాళ్లావేళ్లా పడినా అంతే. "ఆత్రగానికి బుద్ధి మట్టు" అని నవ్వేవారు.

ఒక ఏడు వాన బాగా ఆలస్యమైంది. మాలో ఒకడు, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మల్లేశం, ఓపిక పట్టలేక వరండా రేకుల మీద రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించి, తడిసి వచ్చి, "వాన పడ్డది టీచర్, చెప్పుండ్రి" అన్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, "నీ వాన నీకే చెప్తది పో" అన్నారు.

ఈ ఏటి చివరి కథ నన్నింకా వదల్లేదు. చుక్క వాన లేని ఊరు. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ. రోజూ సాయంత్రం ఆమె గడప మీద తడి అడుగులు. రోజుకొక అడుగు లోపలికి. అవి ఆమె కుర్చీ దాకా వచ్చిన చోట టీచర్ పత్రిక మూసేశారు. ఆ వారమంతా మా ఇంటి గచ్చు వైపు చూడాలంటే నాకు భయంగా ఉండేది.

పోవడానికి రెండు రోజుల ముందు ఫోన్ చేశారు. "అడుగులు కుర్చీ దాక వచ్చినయ్ బిడ్డా. గిప్పుడు ఏమైతదో నువ్వు చెప్పు."

"ఊరిస్తున్నరా టీచర్? వాన పడనియ్యండి, వస్త" అన్నాను. "మంచిది" అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

తొలివాన పడిన రోజు ఎవరూ పిలవకుండానే అందరం ఆ ఇంటికి చేరాం. నేను ఆ పత్రిక అడిగాను. ఫాతిమా తెచ్చిచ్చింది. తిప్పి చూస్తే ఆఖరి పేజీ లేదు.

"అన్నీ గట్లనే ఉంటయ్ బిడ్డా. పాత కాగితాల దుకాన్ల చినిగినయే ఏరి తెచ్చేది" అంది ఫాతిమా.

"మరి గా ముగింపులు?"

"తనే అల్లేది. వాన దాక ఎందుకు ఆపుతుండె అనుకున్నవ్? ఆలోచించెతందుకు జర వక్తు కావాలె గద. ఈసారి మాత్రం మస్తు పరేషాన్ అయింది. దొర్కుత లేదు, నా బిడ్డను అడుగుత అన్నది."

ఆవిడ నన్ను ఊరించలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి సాయం అడిగారు.

అప్పుడే మల్లేశం నా చేయి పట్టుకుని కింద చూడమన్నాడు. నాపరాళ్ల మీద, గడప నుంచి ఆవిడ ఖాళీ కుర్చీ దాకా, తడి అడుగులు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "మనయే" అన్నాడు మెల్లగా. వానలో వచ్చినవాళ్లం తెలియకుండానే ఆ కుర్చీ చుట్టూ చేరి నిలబడ్డాం.

టీచర్, ముగింపు దొరికింది. ఆ ముసలమ్మ కోసం వచ్చింది దయ్యం కాదు, కథ వినడానికి వచ్చిన పిల్లలు. ఆవిడ భయపడనక్కర లేదు. మీలాంటి గురువు ఈ జన్మకు మళ్లీ దొరకరు. మీ పాదాలకు నమస్కారం. మీరు అడిగిన రోజు నేను రాలేదు, వాన కోసం ఆగాను.