చప్పుడు చెయ్యని తొట్టి

కినుయో మరుగుదొడ్ల పింగాణీకి రూపం దిద్దే మనిషి. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, ఆ అవసరం లేనివాళ్ళెవరో చెప్పండి ముందు! తొకొనామే ఊళ్ళో ఓ కర్మాగారం వెనక గదిలో ముప్పై ఏళ్ళుగా తడిమట్టితో నమూనాలు చేస్తోంది. బట్టీలో కాలితే మట్టి కుంచించుకుపోతుంది కనక ఏది చేసినా కాస్త పెద్దదిగానే చెయ్యాలి. ఆ తెల్లటి మట్టి నిమురుతూ కూర్చుంటే ఆమెకి పొద్దు తెలిసేది కాదు.

ఈసారి చేస్తున్నది అక్క సెత్సు కోసం. ఆరేళ్ళ క్రితం పేగు ఆపరేషనయి సెత్సు పొట్టకి మలం చేరే సంచీ అమర్చారు. అప్పట్నించీ ఆవిడ రైలెక్కలేదు. బయటి మరుగుదొడ్లలో ఆ సంచీ ఖాళీ చేసి కడుక్కోవాలంటే నేలమీద మోకరిల్లాలి మరి. ఏప్రిల్లో తొయొహాషిలో మనవరాలు బడిలో చేరుతోంది. అమ్మమ్మ రాకపోతే బడికే వెళ్ళనని ఫోన్లో ఆ పిల్ల ఒకటే ఏడుపు.

కినుయో నడుమెత్తున తొట్టి చేసింది. గోరువెచ్చటి నీళ్ళ కుళాయి, మురికి చేరడానికి ఒక్క మూలైనా లేని నునుపు. బట్టీలో కాలి వచ్చాక అక్కని పిలిచి చూపించింది. సెత్సు అంచు నిమిరి, చెంబెడు నీళ్ళు కుమ్మరించింది. తొట్టి బొళబొళమని మోగింది.

"బాగుందే కినూ. కానీ నేను వాడను."

"ఏం, దీనికేమొచ్చింది?"

"ఆ మోత వినలేదూ? మామూలు దొడ్లో అయితే నీళ్ళు వదిలి, ఆ చప్పుడులో మన చప్పుడు దాచేసుకుంటాం. దీన్ని దేంతో దాచను? నా సంగతి దండోరా వేసినట్టుంటుంది."

"నీ సిగ్గు తగలెయ్య! ఎవరు వింటారక్కా?"

"నేను వింటానే."

కినుయోకి ఒళ్ళు మండిపోయింది. గొడుగు పట్టుకుని వానలో బయటపడింది. పాత జాడీలు పేర్చి కట్టిన గోడల మధ్య వాలుదారి. అంతటా చినుకుల సందడే. ఒరిగిన ఒక జాడీలోకి మాత్రం వాననీళ్ళు లోపలి అంచు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, నిద్రలోకి జారినంత మెత్తగా దిగిపోతున్నాయి. ఆమె గొడుగు సంగతి మరిచి అక్కడే చతికిలబడింది. ఎంతసేపో ఆమెకే తెలీదు.

తర్వాత ఆ జాడీ వంపుతో చేసిన తొట్టి పగిలింది. ఆ తర్వాతది నీళ్ళు చిమ్మింది. దాని తర్వాతది స్టేషన్ మరుగుదొడ్లో ప్రయోగానికని పెట్టారు.

ఏప్రిల్ ఉదయం సెత్సు అందులోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. కినుయో తలుపుకి చెవి ఆనించినంత పని చేసింది. ఏ చప్పుడూ లేదు. అమ్మో, వాడలేదేమో! ఇంటికి పోదామంటుందేమో!

తలుపు తెరుచుకుంది. సెత్సు చేతిరుమాలుతో చేతులు తుడుచుకుంటోంది.

"అక్కా... వాడావా?"

"ఎప్పుడో అయిపోయింది. నీకేమన్నా వినబడిందా?"

"లేదు."

"మరి గుమ్మానికడ్డంగా ఆ గుడ్లప్పగించడం ఏంటే? జరుగు, రైలొచ్చేస్తోంది!"

కళ్ళు తుడుచుకుని చూసేసరికి అక్క ప్లాట్‌ఫారం మీద చాలా ముందుకి వెళ్ళిపోయింది.