సుజాత బొమ్మలను తిరిగి ఇచ్చేసిన రోజు

మా తమ్ముడు మురళి కూతురు సింధును విజయవాడ తీసుకురావడానికి నేను సింగపూర్ వెళ్లాను. మరదలు సుజాత పోయి అప్పటికి మూడు నెలలు. మనవాళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకని విమానాల నిండా వెళ్తున్న రోజులవి. చెన్నైలో ఎక్కాక పక్క సీటాయన, "ఆంటీ, మీరూ వై టూ కే పనిమీదేనా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు శనివారం. ఉదయం పది దాటాక, మురళి ఇంటి దగ్గరి యూ టీ స్టేషన్లో రైలెక్కాం. కొత్తగా వెళ్లేవాళ్లు జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారితే సిటీ హాల్‌కి త్వరగా చేరుకుంటారు. మురళి ఒళ్లో బూట్ల పెట్టె ఉంది. అందులో సుజాత మోజుపడి కొనుక్కున్న పాతకాలపు జపాన్ చెక్క బొమ్మలు. అన్నీ అదృష్టాన్నిచ్చే దేవుళ్లే. మూట మోసే బొద్దు దేవుడు, చేపను చంకన పెట్టుకున్న దేవుడు, వీణలాంటిది పట్టుకున్న అమ్మవారు. ఎన్ని తరాల చేతులు తగిలాయో, నున్నగా మెరుస్తున్నాయి. సిటీ హాల్ దగ్గర వాటిని కొన్న షాపులోనే ఇచ్చేయడానికి వెళ్తున్నాం.

"పిల్లకి ఒక్కటైనా ఉంచరా," అన్నాను.

"రోజూ వాటికి దండం పెట్టుకునేదక్కా. హాస్పిటల్‌కి కూడా పట్టుకెళ్లింది. ఇంక ఒక్కటి కూడా నా కళ్లకి కనపడకూడదు."

షాపు యజమాని చైనీస్ పెద్దాయన. పెట్టె చూసి, "మేడమ్ రాలేదా?" అన్నాడు. మురళి తల అడ్డంగా ఊపాడు. ఆయనకు అర్థమైంది. అమ్మవారి బొమ్మను సింధు ముందు పెట్టాడు.

"ఈమె మీ సరస్వతే. జపాన్ వెళ్లి పేరు మార్చుకుంది. మీ మమ్మీకి చాలా ఇష్టం. నువ్వు ఉంచుకో."

సింధు చెయ్యి చాపింది. మురళి ఆ చేతిని పట్టుకుని వెనక్కి లాగాడు. పాప ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

మధ్యాహ్నం దగ్గర్లోని హాకర్ సెంటర్‌లో తిన్నాం. శాకాహారులకు అక్కడ పెరుగన్నం దొరుకుతుంది. మురళి ముద్ద ముట్టలేదు.

"ఊరికి ఎప్పుడొస్తావురా?"

"ప్రాజెక్ట్ అవనీ, చూస్తా." ఆ మాట అంటున్నప్పుడు కూతురి వైపు చూడలేదు.

ఆదివారం ఎయిర్‌పోర్ట్‌లో అద్దాల తలుపు దాకా ట్రాలీ తోశాడు. మేము వెనక్కి తిరిగి చూసేసరికి లేడు.

సింగపూర్ ఎలా ఉందని అడిగితే చక్కటి ఊరనే చెబుతాను. రైలు ఆలస్యం కాదు, దారి తప్పడం ఉండదు. అక్కడ మా తమ్ముణ్ణి మాత్రం ఏ ఒడ్డుకూ చేర్చలేక వచ్చేశాను.

విమానం పైకి లేచాక సింధు కిటికీలోంచి చూస్తూ అడిగింది: "అత్తా, డాడీ నన్ను కూడా గివ్ బ్యాక్ చేసేశారా?"

లేదమ్మా అన్నాను. అది నమ్మలేదు. నేనూ నమ్మలేదు.